"ప్రవేశ హక్కు యాజమాన్యానిదే" అని బోర్డు పెడితే ఎవరినైనా ఆపేయొచ్చా?

వానచినుకు | శనివారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇవాళ సాయంత్రం స్నేహితులం కొందరం కలిసి ఒక చోటికి వెళ్ళాం. పాటలు, డ్యాన్సు ఉండే చోటు. టికెట్ ఎవరైనా ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు, మేమూ అలాగే కొన్నాం. తలుపు దగ్గరున్నతను మమ్మల్ని లోపలికి పంపి ఒక్కణ్ణి మాత్రం ఆపేశాడు. ఎందుకని అడిగితే "లోపల ఫుల్ అయిపోయింది సార్" అన్నాడు. మా వెనక వచ్చినవాళ్ళు మాత్రం దర్జాగా లోపలికి వెళ్తూనే ఉన్నారు. గట్టిగా అడిగేసరికి మేనేజర్ వచ్చి గోడ మీది ఇత్తడి పలక చూపించాడు: "ప్రవేశ హక్కు యాజమాన్యానిదే". డబ్బు వాపస్ ఇచ్చేస్తాం, వాదించొద్దు అన్నాడు.

మావాడు నల్లగా ఉంటాడు. మామూలు చొక్కా, కాళ్ళకు చెప్పులు. గొడవేమీ పెట్టుకోలేదు, అసలు నోరే మెదపలేదు. అందరం తిరిగొచ్చేశాం.

ఆ పలకకు నిజంగా అంత పవర్ ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సూటిగా | ఆదివారం, ఉదయం 6:20

వాళ్ళ స్థలం, వాళ్ళ ఇష్టం. నచ్చకపోతే ఇంకో చోటికి వెళ్ళొచ్చు. దీనికి కూడా చట్టాలు కావాలా?

నల్లకోటు | ఆదివారం, ఉదయం 7:15

వానచినుకు గారూ, ఆ పలకకు సొంతంగా ఏ పవరూ లేదండి. యజమానికి చట్టం ఎంత హక్కు ఇచ్చిందో అంతే. తాటికాయంత అక్షరాలతో రాయించినా అది పెరగదు, పలక పీకేసినా తగ్గదు.

సూటిగా గారన్నదాంట్లో కొంత నిజం ఉంది. తన ఆవరణలోకి ఎవరిని రానివ్వాలో తేల్చుకోవడం ఆస్తి హక్కులో భాగమే. తాగి తూలేవాణ్ణి, సిబ్బంది మీద చెయ్యి చేసుకున్నవాణ్ణి, టికెట్ లేనివాణ్ణి ఆపొచ్చు. ఇంతమందికి మించి ఉండకూడదని అగ్నిమాపక శాఖ చెప్పి ఉంటే ఆపి తీరాలి కూడా. కానీ జనం కోసం తెరిచిన వ్యాపారానికి మన రాజ్యాంగం ఒక గీత గీసింది. 15(2) అధికరణం ప్రకారం కేవలం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాలతో ఏ పౌరుణ్ణీ దుకాణాలు, పబ్లిక్ రెస్టారెంట్లు, హోటళ్ళు, వినోద స్థలాల్లోకి రాకుండా అడ్డుకోకూడదు. ప్రాథమిక హక్కులు ఎక్కువగా ప్రభుత్వం చేతులు కట్టేస్తాయి, ప్రైవేటు మనుషుల జోలికి రావు. ఇది మాత్రం వస్తుంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో చర్చ జరిగినప్పుడు, డబ్బు తీసుకుని సేవ అందించే చోట్లన్నీ "దుకాణం" కిందికే వస్తాయన్నట్టుగా అంబేద్కర్ వివరించారు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు దాని ఆధారంగానే ప్రైవేటు విద్యాసంస్థలనూ ఈ పరిధిలోకి తెచ్చింది.

ఇక మీవాడి సంగతి. ఆపింది రంగు చూసా, చెప్పులు చూసా? రంగు అని 15(2)లో విడిగా లేదు, జాతి కింద వాదించాలి. చెప్పుల సంగతైతే అందులో అసలే లేదు. తలుపు దగ్గరివాడు కారణం చెప్పకపోవడం ఊరికే కాదు. కారణం బయటపడితేనే కదా కేసు.

గుమ్మం_దగ్గర | ఆదివారం, ఉదయం 9:03

నేను కొన్నేళ్ళు ఇలాంటి తలుపు దగ్గరే నిలబడ్డాను. ఇప్పుడు ఆ పని మానేశాను కాబట్టి రాస్తున్నా.

"ఫుల్" అనేది మాకు నేర్పించే మాట. కారణం చెప్పొద్దు, చెప్తే వాదన మొదలవుతుంది అని చేరిన రోజే చెప్తారు. కాగితం మీద రూల్స్ ఏమీ ఉండవు. మేనేజర్ లోపల కెమెరాలో చూస్తూ చెవిలో చెప్తుంటాడు: "ఆ బ్లూ షర్ట్ వద్దు." మనం బ్లూ షర్ట్ వైపు తిరిగి "సారీ సార్" అనాలి. లోపల సగం టేబుళ్ళు ఖాళీగా ఉన్నా సరే. మొహం చూసి బొట్టు పెట్టడమే ఆ ఉద్యోగం. తిట్లు తినేది మేము, ఆర్డర్ వేసినవాడు ఏసీలో.

ఒక విషయం. మా చేతిలో లెక్కపెట్టే చిన్న మిషన్ ఉంటుంది. మనిషి లోపలికి వెళ్తే ఒక నొక్కు, బయటికొస్తే ఇంకో నొక్కు. ఎంతమంది ఉన్నారో అందులో అంకె కనబడుతుంది. ఫుల్ అన్నప్పుడు ఆ అంకె చూపించమని నన్నెవరూ అడగలేదు. మీరు అడగండి.

తమాషా ఏంటంటే, సెలవు రోజు నేనే టికెట్ కొనుక్కుని అలాంటి చోటికి వెళ్ళుంటే నన్నూ ఆపేవాళ్ళు.

సూటిగా | ఆదివారం, ఉదయం 9:30

సరే అన్నా, నీ మాట ఒప్పుకుంటా. కానీ ప్రతి తలుపూ అందరికీ తెరవాలంటే ఎలా? క్లబ్బులూ ఉన్నాయి కదా.

కమిటీ_కుర్చీ | ఆదివారం, ఉదయం 10:41

ఆ మాట ఎవరో ఒకరు అంటారని చూస్తున్నాను. నేను ఒక పాత క్లబ్బు కమిటీలో చాలాకాలంగా ఉన్నాను. పేరు అనవసరం. పైన చెప్పినవన్నీ టికెట్ కొట్టి జనాన్ని పిలిచే వ్యాపారాలు. క్లబ్బు అలా కాదు. మాకు నచ్చినవాళ్ళం కలిసి చందాలు వేసుకుని కట్టుకున్నది. మా ఇంటికి ఎవరిని భోజనానికి పిలవాలో ప్రభుత్వం చెప్తే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో, మా సభ్యత్వం ఎవరికివ్వాలో చెప్పినా అంతే. దరఖాస్తుదారుడికి ఇద్దరు సభ్యులు పూచీ ఉండాలి, పేరు నోటీసు బోర్డు మీద పెడతాం, అభ్యంతరాలు వింటాం, ఓటు వేస్తాం. వద్దనుకుంటే వద్దంటాం. కారణం చెప్పం. చెప్తే ఆ మనిషికే అవమానం.

చట్టం కూడా మా వైపే ఉందని విన్నాను. నల్లకోటు గారు కాదంటారా?

నల్లకోటు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

కాదనను సార్. చాలావరకు మీ వైపే ఉంది. రాజ్యాంగంలోని 19(1)(సి) సంఘాలు పెట్టుకునే హక్కు ఇచ్చింది. అందులో ఎవరితో కలిసుండాలో ఎంచుకోవడం కూడా ఉందని సుప్రీంకోర్టు 1971లో దమయంతి నారంగ కేసులో చెప్పింది. హిందీ సాహిత్య సమ్మేళన్‌లోకి చట్టం ద్వారా కొత్తవాళ్ళను చొప్పించబోతే ఆ చట్టాన్నే కొట్టేసింది. 2005లో జొరాస్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో, పార్సీలకే సభ్యత్వం అన్న సొసైటీ నిబంధన చెల్లుతుందంది. ఆ తీర్పు నాకు మింగుడు పడదు. ఇళ్ళ స్థలాలకు, సాయంత్రం పేకాటకు ఒకే కొలత ఏమిటని ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా తీర్పు తీర్పే.

అయితే ఒకసారి లోపలికి తీసుకున్నాక మీ చేతులు అంత ఫ్రీగా ఉండవు. సభ్యుణ్ణి తీసేయాలంటే మీ నిబంధనల ప్రకారమే తీసేయాలి, అతని వాదన వినాలి, మనసులో కక్ష పెట్టుకోకూడదు. 1962లో ఒక మేసోనిక్ లాడ్జి (ఫ్రీమేసన్లనే వాళ్ళ సంఘం) కేసులో, టి.పి. దావర్ కేసు అంటారు, సుప్రీంకోర్టు ఇది తేల్చింది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. "మేమూ మా సభ్యులూ ఒకటే, మాకు మేం అమ్ముకుంటే అమ్మకం ఎలా అవుతుంది" అని క్లబ్బులు పన్ను దగ్గర దశాబ్దాలపాటు వాదించాయి. 2019లో కలకత్తా క్లబ్ కేసులో గెలిచాయి కూడా. పార్లమెంటు 2021లో జీఎస్టీ చట్టాన్ని మార్చి ఆ దారి మూసింది. పన్ను లెక్కల్లో అంత గట్టిగా ఒక్కటైన క్లబ్బు, శని ఆదివారాల్లో హాలును బయటి ఫంక్షన్లకు అద్దెకిస్తుంటే అప్పుడు ఎవరితో ఒకటి అయినట్టు?

కమిటీ_కుర్చీ | ఆదివారం, మధ్యాహ్నం 12:34

హాలు అద్దె లేకపోతే జీతాలు ఎలా ఇస్తాం అండీ?

మంచుదేశం | ఆదివారం, మధ్యాహ్నం 1:50

ఆ హాలు అద్దె ప్రశ్న మీదే అమెరికాలో బోలెడంత న్యాయశాస్త్రం నడిచింది. నేనుండేది ఇక్కడే కాబట్టి కొంచెం ఆసక్తిగా చదివాను.

1964 పౌరహక్కుల చట్టం రెండో భాగం హోటళ్ళు, రెస్టారెంట్లు, థియేటర్ల వంటి చోట్ల జాతి, రంగు, మతం, పుట్టుక దేశం పేరుతో వివక్ష కూడదంది. ఆ ఏడాదే అట్లాంటాలో 216 గదుల మోటెల్ యజమాని ఒకాయన, నల్లవాళ్ళకు గది ఇచ్చేది లేదని సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయాడు. కానీ చట్టంలో ఒక కిటికీ వదిలారు: నిజమైన ప్రైవేటు క్లబ్బుకు ఇది వర్తించదు. ఇక చూడండి, దక్షిణాది రాష్ట్రాల్లో నిన్నటిదాకా ఈతకొలనులు, హోటళ్ళుగా ఉన్నవి రాత్రికి రాత్రి "క్లబ్బులు" అయిపోయాయి!

వాటిలో ఆర్కాన్సాలోని లేక్ నిక్సన్ క్లబ్ కథ వినాల్సిందే. 232 ఎకరాలు, చెరువు, పడవలు, డ్యాన్సులు, చిరుతిళ్ళ కొట్టు. గేటు దగ్గర 25 సెంట్లు కడితే సీజన్‌కి సభ్యత్వ కార్డు చేతిలో పెడతారు. ఓటింగ్ లేదు, పూచీ లేదు, కమిటీ లేదు. తెల్లవాళ్ళు ఎవరొచ్చినా కార్డు ఇస్తారు, నల్లవాళ్ళు వస్తే "సభ్యత్వాలు అయిపోయాయి". సీజన్‌కు సుమారు లక్షమంది వచ్చేవారు. లక్షమందితో ప్రైవేటు క్లబ్బేమిటని 1969లో సుప్రీంకోర్టు దాన్ని నాటకమని తేల్చేసింది. డేనియల్ వర్సెస్ పాల్ అనే కేసు.

న్యూయార్క్ నగరం 1984లో ఇంకాస్త ముందుకెళ్ళింది. 400 మందికి మించి సభ్యులుండి, క్రమం తప్పకుండా భోజనం వడ్డిస్తూ, సభ్యులు కానివాళ్ళ నుంచి కూడా వ్యాపారం కోసం డబ్బు తీసుకుంటుంటే అది ప్రైవేటు కాదంది. క్లబ్బులన్నీ కలిసి కోర్టుకెళ్ళాయి, 1988లో ఓడిపోయాయి. మగవాళ్ళకే పరిమితమైన క్లబ్బుల్లో అసలు వ్యాపారాలు కుదిరేది భోజనాల బల్ల దగ్గరే, ఆడవాళ్ళు నష్టపోయేదీ అక్కడే అన్నది నగరం వాదన. అది నాకు చాలా నచ్చింది.

కమిటీ_కుర్చీ గారు మరీ దిగులుపడక్కర్లేదు. 1968లో మూస్ లాడ్జి అనే క్లబ్బు, సభ్యుడు తీసుకొచ్చిన నల్లజాతి అతిథికి వడ్డించం అంది. ఆ అతిథి ఎవరో కాదు, పెన్సిల్వేనియా శాసనసభ్యుడు లెరాయ్ ఇర్విస్. మద్యం లైసెన్సు ప్రభుత్వమే ఇచ్చింది కాబట్టి ఆ వివక్షలో ప్రభుత్వం పాత్ర ఉందని ఆయన వాదించాడు. 1972లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, క్లబ్బే గెలిచింది. ఇర్విస్ మాత్రం తర్వాత అదే సభకు స్పీకర్ అయ్యాడు.

పాత_కాగితాలు | ఆదివారం, మధ్యాహ్నం 3:26

"ఇది మా సొంతం" అనే వాదన అమెరికా నుంచి తెచ్చుకోవాల్సిన పని లేదు. మహారాష్ట్రలోని మహద్ చవదార్ చెరువు గుర్తుందా? పురపాలక సంఘం అప్పటికే అందరికీ తెరిచిన చెరువు. అయినా దళితులను దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. తర్వాత అగ్రవర్ణాలవాళ్ళు కోర్టుకెళ్ళి ఏమన్నారు? ఆ చెరువు ప్రైవేటుది, బయటివాళ్ళకు హక్కు లేదు. ఆ దావా బొంబాయి హైకోర్టులో అంబేద్కర్‌కు అనుకూలంగా తేలేసరికి 1937 వచ్చింది. నీళ్ళు తాగిన పదేళ్ళకు! 15(2)లో దుకాణాల పక్కనే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు ఎందుకున్నాయా అని చదివేవాళ్ళు ఆశ్చర్యపోతుంటారు. ఇందుకే ఉన్నాయి. ఆ పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగిన మనిషే ముసాయిదా కమిటీ అధ్యక్షుడు.

బ్రిటన్ సంగతీ కొంచెం చెప్తాను. అక్కడ చాలాకాలం ఏ వ్యాపారి ఎవరినైనా పొమ్మనొచ్చు, ఒక్క సత్రం తప్ప. చీకటి పడ్డాక వచ్చిన ప్రయాణికుణ్ణి సత్రంవాడు గెంటేస్తే అతను దారిలో దొంగల పాలవుతాడు. అందుకని డబ్బిచ్చేవాడికి, గది ఖాళీ ఉంటే, సరైన కారణం లేకుండా కాదనకూడదన్నది పాత నియమం. ఇదే నియమం 1943లో ఒక పెద్దాయనకు పనికొచ్చింది. వెస్టిండీస్ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ లండన్ ఇంపీరియల్ హోటల్‌లో నాలుగు రాత్రులకు గదులు బుక్ చేసుకుని భార్యాబిడ్డలతో వెళ్తే, అమెరికన్ అతిథులకు ఇబ్బందంటూ ఒక్క రాత్రే ఉండనిస్తామన్నారు. ఆయన దావా వేసి మరుసటి ఏడాది గెలిచాడు. నష్టపరిహారం ఐదు గినీలు, అంటే ఐదు పౌండ్ల పైచిలుకు. డబ్బు కోసమైతే ఎవరూ ఆ కేసు వెయ్యరు.

అక్కడ క్లబ్బుల సంగతైతే నల్లకోటు గారు చెప్పినట్టే మొదలైంది. ఈస్ట్ హామ్‌లో ఒక కన్సర్వేటివ్ పార్టీ క్లబ్బు, ఆ పార్టీ సభ్యుడే అయిన సిక్కు ఒకాయనకు సభ్యత్వం కాదంది. నిజంగా ఎంచి తీసుకునే క్లబ్బు జనబాహుళ్యం కిందికి రాదు కాబట్టి జాతి సంబంధాల చట్టం దానికి తగలదని 1973లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అదే) తీర్పిచ్చింది. మూడేళ్ళకే పార్లమెంటు చట్టాన్ని తిరగరాసి 25 మందీ అంతకు మించీ ఉన్న క్లబ్బులను పట్టుకుంది. 2010 సమానత్వ చట్టంలోనూ ఆ 25 అంకె అలాగే ఉంది. అందుకే కమిటీ_కుర్చీ గారూ, "ఇల్లు" అనే పోలికకు అక్కడివాళ్ళు ఒక సైజు పెట్టారన్నమాట.

వానచినుకు | ఆదివారం, సాయంత్రం 4:15

ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ థ్యాంక్స్. మా మెసేజ్ గ్రూపులో ఇంకో ప్రశ్న లేచింది. "జంటలకే ప్రవేశం, ఒంటరి మగవాళ్ళకు లేదు" అనే బోర్డులు చాలాచోట్ల ఉంటాయి. ఆడవాళ్ళు ఒక్కరే వస్తే రానిస్తారు, కొన్ని రోజులు టికెట్ కూడా ఉండదు. ఇది లింగ వివక్ష కాదా?

ర్యాంపు_ఎక్కడ | ఆదివారం, సాయంత్రం 4:38

తమ్ముడూ, ఒంటరి మగవాళ్ళను ఎందుకు ఆపుతారో ఒక్కసారి రాత్రిపూట ఆడపిల్లల్ని అడుగు.

నల్లకోటు | ఆదివారం, సాయంత్రం 5:20

ర్యాంపు గారి మాటలో న్యాయం ఉంది, ప్రశ్నలోనూ ఉంది. 15(2)లో లింగం ఉంది, మగవాడు కూడా పౌరుడే. ఆడవాళ్ళ కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని 15(3) అంటుంది గానీ, ఆ వెసులుబాటు ఇచ్చింది ప్రభుత్వానికి. బార్ యజమానికి కాదు. యజమాని "భద్రత కోసం" అంటాడు, అవతలివాడు "ఏ తప్పూ చెయ్యకముందే నన్ను తప్పుడు మనిషిని చేశారు" అంటాడు. నా అభిప్రాయం అడిగితే: అల్లరి చేసినవాణ్ణి బయటికి పంపే సిబ్బందిని పెట్టుకోవడం యజమాని బాధ్యత. ఆ ఖర్చు తప్పించుకోవడానికి మగజాతి మొత్తానికి తలుపేస్తున్నారు. ఆడవాళ్ళకు ఉచిత టికెట్ కూడా వాళ్ళ మీద గౌరవంతో ఇచ్చేది కాదని అందరికీ తెలుసు.

మంచుదేశం | ఆదివారం, సాయంత్రం 6:02

విచిత్రం ఏంటంటే, పైన చెప్పిన 1964 చట్టం రెండో భాగంలో లింగం లేనే లేదు. ఆ లోటు రాష్ట్రాల చట్టాలు పూడ్చాయి. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1985లో, ఆడవాళ్ళకు మాత్రమే డిస్కౌంట్ ఇచ్చిన కార్ వాష్‌లు, నైట్‌క్లబ్బు మీద ఒక మగాయన వేసిన కేసులో ఆయననే గెలిపించింది. ఆస్ట్రేలియాలో ఉల్టా జరిగింది. టాస్మానియాలో మోనా అనే మ్యూజియం ఆడవాళ్ళకే పరిమితమైన లాంజ్ పెట్టింది. ఒక మగ సందర్శకుడు ఫిర్యాదు చేస్తే, మగవాళ్ళనూ రానివ్వాలని ట్రిబ్యునల్ 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరులో అక్కడి సుప్రీంకోర్టు ఆ తీర్పును తప్పుబట్టింది. తరతరాలుగా బయట నిలబడ్డవాళ్ళకు అవకాశం కల్పించడానికి పెట్టిన ఏర్పాటుకు చట్టంలోనే చోటుందంది.

పాత_కాగితాలు | ఆదివారం, సాయంత్రం 6:30

బయట నిలబడ్డం అంటే: లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో ఎల్ వినో అని విలేకరులు, లాయర్లు చేరే చోటు. ఆడవాళ్ళు కౌంటర్ దగ్గర నిలబడితే అమ్మరు, వెనక గదిలో కూర్చుంటే తెచ్చిస్తారు. "అదే పానీయం కదా, తేడా ఏముంది" అన్నది యాజమాన్యం వాదన. కబుర్లు, వార్తలు తిరిగేది కౌంటర్ దగ్గరే అన్నది ఇద్దరు మహిళల వాదన. 1982లో అప్పీలు కోర్టు మహిళలకే న్యాయం చేసింది. క్లబ్బులైతే ఇంకా మొండివి. లార్డ్స్ క్రికెట్ మైదానం ఉన్న ఎంసీసీ క్లబ్ ఆడవాళ్ళను సభ్యులుగా ఒప్పుకుంది 1998లో, అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్ 2012లో, లండన్ గ్యారిక్ క్లబ్ 2024లో. అదైనా కోర్టులు చెప్పి కాదు. మ్యూర్‌ఫీల్డ్ గోల్ఫ్ క్లబ్ 2016లో కుదరదని ఓటేసింది, బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ పోటీల వేదికగా ఉండే అర్హత పోయింది, 2017లో మళ్ళీ ఓటేసి సరేనంది.

సూటిగా | ఆదివారం, రాత్రి 7:11

నల్లకోటు అక్కా, డ్రెస్ కోడ్ సంగతి కూడా తేల్చండి. పంచె కట్టుకుంటే రానివ్వరు, షూ లేకపోతే రానివ్వరు. ఇది నాకూ మండుతుంది.

నల్లకోటు | ఆదివారం, రాత్రి 8:05

బట్టల విషయంలో 15(2) నేరుగా సాయం చెయ్యదు. కానీ తమిళనాడు దీనికోసమే ఒక చట్టం చేసింది. 2014 జులైలో చెన్నైలో క్రికెట్ సంఘం క్లబ్బులో ఒక పుస్తకావిష్కరణకు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు పంచె కట్టుకుని వెళ్తే రానివ్వలేదు. ఆపింది హైకోర్టు జడ్జిని! ఆగస్టుకల్లా అసెంబ్లీలో చట్టం అయిపోయింది. పంచెగానీ, మన సంప్రదాయ దుస్తులేవైనా గానీ కట్టుకున్నందుకు క్లబ్బులు, హాళ్ళు, థియేటర్లలో ఎవరినైనా ఆపితే ఏడాది దాకా జైలు, 25 వేల వరకు జరిమానా, లైసెన్సు రద్దు. ఆపినది మామూలు మనిషినైతే అంత చకచకా కదిలేదా అని మీరు అడగొచ్చు. నేనూ అడుగుతాను.

2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో, అతిథిగా భోజనానికి వచ్చిన మేఘాలయ మహిళను ఆమె సంప్రదాయ దుస్తులు చూసి పనిమనిషిలా ఉందంటూ లేచి వెళ్ళమన్నారు. క్లబ్బు తర్వాత విచారం తెలిపింది. కమిటీ_కుర్చీ గారూ, మీకు ఓటు వేసే హక్కు ఉండొచ్చు. లోపల కూర్చున్న అతిథిని లేపే హక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది?

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 8:40

గుడి ప్రవేశాల గురించి వచ్చిన పోస్టులు విడిగా ఇంకో చర్చలోకి మార్చాను. అది మత స్వేచ్ఛ గురించిన 25, 26 అధికరణాల కథ, ఇందులో కలిపితే రెండూ చెడతాయి. వేదికల పేర్లు, అక్కడివాళ్ళ ఫొటోలు పెట్టొద్దు.

ర్యాంపు_ఎక్కడ | ఆదివారం, రాత్రి 9:17

ఇంతసేపు అందరూ "ఆపారా, రానిచ్చారా" అనే మాట్లాడారు. నన్ను ఎవరూ ఆపరు. చాలా మర్యాదగా "రండి మేడం" అంటారు. ముందు అరడజను మెట్లుంటాయి. ర్యాంపు ఉందా అంటే వెనక వైపు, సామాన్లు దించే గేటు దగ్గర ఉందంటారు. అక్కడికి వెళ్తే ఖాళీ సీసాల డబ్బాలు అడ్డంగా పేర్చి ఉంటాయి, గేటుకి తాళం. తాళం చెవి ఉన్న మనిషి ఎక్కడికో వెళ్ళుంటాడు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి చక్రాల కుర్చీతో సహా ఎత్తేస్తామంటారు. అలా ఎత్తించుకోవడం నాకు ఇష్టం లేదని చెప్తే మొహం మాడ్చుకుంటారు, వాళ్ళేదో సాయం చేస్తుంటే నేను పొగరుగా ఉన్నట్టు.

నాకు ఇది ప్రవేశ నిరాకరణే. బోర్డు లేదంతే.

నల్లకోటు | ఆదివారం, రాత్రి 9:50

చట్టం దృష్టిలోనూ అంతేనండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో పబ్లిక్ బిల్డింగ్ అంటే ప్రభుత్వానిదే కాదు, జనం వాడే ప్రైవేటు భవనం కూడా. పాత భవనాలకు ఐదేళ్ళు గడువిచ్చారు, అది ఎప్పుడో దాటిపోయింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, సౌకర్యాల ప్రమాణాలు వీలైతే చూద్దామనే సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చెయ్యాల్సిందే అంది. అంతకుముందు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న హక్కుల కార్యకర్త జీజా ఘోష్‌ను విమానం ఎక్కాక దించేసిన కేసులో 2016లో పది లక్షల పరిహారం ఇప్పించింది.

మన దగ్గర ఇలా ముక్కలు ముక్కలుగా చట్టాలున్నాయి. ట్రాన్స్‌జెండర్లను బహిరంగ స్థలాల్లోకి రాకుండా అడ్డుకుంటే 2019 చట్టం కింద ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు. అంటరానితనం పేరుతో ఆపితే 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం. అందులో 12వ సెక్షన్ చాలామందికి తెలియదు: ఆపినది షెడ్యూల్డ్ కులం మనిషినైతే, కారణం అంటరానితనమేనని కోర్టు ముందుగానే అనుకుంటుంది, కాదని అవతలివాడే నిరూపించుకోవాలి. తలుపు దగ్గర కారణం చెప్పకుండా తప్పించుకునేవాడికి సరైన మందు అదే. మిగతా వివక్షలకు అలాంటిది లేదు. అన్నిటినీ కలిపి ఒకే వివక్ష వ్యతిరేక చట్టం తేవాలని ఎంపీ శశి థరూర్ ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అందుకే వానచినుకు గారి స్నేహితుడి లాంటివాళ్ళు ఈ ముక్కల మధ్య సందులో పడిపోతుంటారు.

అయినా ఊరుకోవద్దు. ఎందుకు ఆపారని మెయిల్‌లో అడగండి. టికెట్, టైము, మీ తర్వాత లోపలికి వెళ్ళినవాళ్ళ వివరం రాయండి.

గుమ్మం_దగ్గర | ఆదివారం, రాత్రి 10:08

ఆ మెయిల్ ఇవాళే పెట్టాలి. కెమెరా రికార్డింగ్ కొన్నాళ్ళకు దాని మీదే కొత్తది ఎక్కిపోతుంది. ఆ రాత్రి తలుపు దగ్గరి ఫుటేజ్, లెక్క మిషన్ రిజిస్టర్ భద్రపరచమని మెయిల్‌లో రాయండి. తలుపు దగ్గర కుర్రాడి పేరు మాత్రం రాయొద్దు, ముందు వాణ్ణే పీకేస్తారు.

కమిటీ_కుర్చీ | ఆదివారం, రాత్రి 10:31

అందరి మాటా విన్నాను. సభ్యత్వం మా ఇష్టం అన్న మాట మీద నేనింకా అలాగే ఉన్నాను. 25 మంది దాటగానే స్నేహం కాస్తా బజారు అయిపోతుందంటే ఒప్పుకోను. అతిథుల దుస్తుల రూలు మాత్రం వచ్చే మీటింగులో పెడతాను. గెలుస్తుందని చెప్పలేను, మా ఓటర్లలో సగంమంది టై లేకుండా నిద్రపోరు.

ర్యాంపు_ఎక్కడ | ఆదివారం, రాత్రి 10:36

మీ క్లబ్బులో ర్యాంపు ఉందా సార్?

కమిటీ_కుర్చీ | ఆదివారం, రాత్రి 10:44

ఉందమ్మా. వెనక గేటు వైపు.

ర్యాంపు_ఎక్కడ | ఆదివారం, రాత్రి 10:45

తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది?

కమిటీ_కుర్చీ | ఆదివారం, రాత్రి 11:20

రేపు కనుక్కుని చెప్తాను.